దొడ్డిచెరువు గవ్వకప్పలు

ఉషారాణి పక్కన నడుస్తుంటే ఓబులేసుకు తన కళ్ళు ఎందుకున్నాయో అర్థమయ్యేది కాదు. ఇద్దరూ ఒకే దారిన పోతూ ఒకే కంపచెట్టు వైపు చూసేవాళ్ళు. అతనికి ముళ్ళూ ఆకులూ కనబడేవి. ఆమె మాత్రం టక్కున ఆగిపోయి, చెయ్యి చాచి, గొంతు బాగా తగ్గించి "అదిగో" అనేది. ఏదీ, యాడ, అంటూ అతను మెడ సాచి చూడగా చూడగా ఒక కొమ్మ మెల్లగా కళ్ళు తిప్పి ఊసరవెల్లి అయ్యేది. పచ్చని తీగ ఒకటి నాలుక ఆడించి పసిరికపాము అయ్యేది. పెళ్ళికి ముందు నుంచీ ఇదే వరస. "మా నాయనకు తెలీక ఇచ్చినాడు గానీ, అల్లునికి చూపు ఆనదని ఒక మాట ముందే చెప్పల్ల కదా" అని ఆమె అతన్ని ఏడిపించేది.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడం ఆమె ఉద్యోగం. సెలవులొస్తే చేలగట్ల వెంట, గుట్టల వెంట కప్పల్నీ తొండల్నీ పాముల్నీ వెతుక్కుంటూ తిరగడం ఆమె బతుకు. పట్టుకునేది కాదు, చూసేది. చూసి, మురిసి, ఒక ఫోటో తీసుకుని, దాని దారిన దాన్ని వదిలేసి వచ్చేది. భూమిలోపలి అదుర్లు కొలిచే పరికరాలు తయారుచేసే ఇంజనీరు ఓబులేసు. మొదట్లో సంచీ మొయ్యడానికి వెంట వెళ్ళినవాడు, పోనుపోను ఆ పిచ్చిలో సగం తానూ అంటించుకున్నాడు.

ఇంత చూసిన మనిషికి ఒక్కటి మాత్రం చిక్కలేదు. చదువుకునే రోజుల్లో ఒకసారి దొడ్డిమాకులపల్లి దగ్గర బస్సు చెడిపోతే, పెద్దవానలో దిగి చెరువుకట్ట మీద నిలబడిందట. కట్ట కింద బురదలో చిన్న కప్ప ఒకటి, వీపంతా గవ్వలాగా తెల్లగా, నున్నగా మెరుస్తూ కనిపించింది. ఆమె వంగి చూసే లోపల అది నీళ్ళలోకి దూకేసింది. కాలేజీకి వెళ్ళి చెబితే వాళ్ళ ప్రొఫెసరు నవ్వి, "వానలో తడిసిన గులకరాయి అయ్యుంటుందమ్మా" అన్నాడు. ఏ పుస్తకంలోనూ ఆ కప్ప లేదు. ఊళ్ళో వాళ్ళకు మాత్రం అది గవ్వకప్పే. దొడ్డిచెరువు అడుగున మట్టిలో నిద్రపోతుంది, పెద్దవాన పడితే తప్ప లేవదు, కొన్నేళ్ళు అసలు లేవనే లేవదు అనేవాళ్ళు. ఆ కప్ప కోసం ఉషారాణి ప్రతి వానాకాలం ఆ ఊరికి వెళ్ళేది. ఒక ఏడు వాన ఉండదు, ఇంకో ఏడు ఆమె వెళ్ళేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె కళ్ళు కాయలు కాశాయి.

తర్వాత ఓబులేసు తయారుచేసిన వానపెట్టె ఆలోచన నిజానికి ఆమెదే. ఒకరోజు దోసె తుంచుకుంటూ, "నీళ్ళు ఇంకా లోపలికి ఇంకకముందే కప్పలు లేచి బయటికొస్తాయే, వాన వచ్చిందని వాటికి ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది.

"చినుకుల దెబ్బలు" అన్నాడు ఓబులేసు, పని ధ్యాసలో. "పైన దరువు వేస్తే కింద వినబడదా?"

అన్నవాడు ఆ మాటను వదిలిపెట్టలేకపోయాడు. వరసగా రెండు వానాకాలాలు దొడ్డిచెరువు మట్టిలో తన పరికరాలు పాతి, వాన నేలను కొట్టే అదురునంతా పట్టుకొచ్చాడు. ఆ అదురునే తిరిగి నేలలోకి దింపే ఇనుపపెట్టె ఒకటి చేశాడు. దానికి కింద ఒక గునపం. గునపాన్ని మట్టిలో దిగగొట్టి మీట నొక్కితే పైన నిలబడ్డవాళ్ళకు ఏమీ వినిపించదు. కింద మాత్రం ఉరుముతో సహా పెద్దవాన.

మొదటిసారి దాన్ని ప్రయోగశాలలో గాజుతొట్టి మీద పరీక్షించారు. తొట్టిలో మట్టి, మట్టిలో మామూలు బొరియకప్పలు. ఓబులేసు మీట నొక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి మట్టి పగిలింది. పగుల్లోంచి మూతి ఒకటి పైకొచ్చింది, దాని వెనకే ఇంకోటి. ఉషారాణి చిన్నపిల్లలా కేక వేసి చప్పట్లు కొట్టింది. బయటికొచ్చిన కప్ప అటు తిరిగింది, ఇటు తిరిగింది, పొడిమట్టిని పొట్టతో తడుముకుంది. అది నీళ్ళ కోసం వెతుకుతోందని అర్థమయ్యాక ఆమె చప్పట్లు ఆగిపోయాయి.

గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చి దాని మీద పోసి, మొగుడి వైపు తిరిగింది. "ఓబులేసూ, ఇది దాహంతో ఉన్నవాళ్ళ చేతికి ఖాళీ గ్లాసు ఇచ్చినట్టుంది. చినుకు పడినాకే దీన్ని ముట్టుకోవల్ల. వాన లేకుండా ఎప్పుడూ వద్దు. నా మీద ఒట్టు."

"సరే, ఒట్టు" అన్నాడు అతను. పెట్టె ఇంటికొచ్చి అటక ఎక్కింది.

ఆ చలికాలంలోనే ఉషారాణి కడుపులో గడ్డ బయటపడింది. కోసి చూసిన డాక్టరు మళ్ళీ కుట్టేసి, ఇద్దరినీ గదిలోకి పిలిచి, వానాకాలం దాకా అంటూ ఏదో మొదలుపెట్టి బల్ల మీది కాగితాలు సర్దసాగాడు. "వానలు జూన్‌లోనే కదండీ వచ్చేది?" అని అడిగింది ఉషారాణి. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఏ భరోసా లేదని ఓబులేసుకు అర్థమైంది.

ఆమె ఆసుపత్రిలో ఉండనంది. ఎండలు ముదరకముందే దొడ్డిమాకులపల్లిలో చెరువుకట్టను ఆనుకుని ఉన్న సుంకమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. మంచం పక్కనే కిటికీ. కిటికీలోంచి చూస్తే ఎండిపోయి నెర్రెలు విచ్చిన చెరువు, దాని అవతల సుంకమ్మ చేను. సుంకమ్మ పెద్దమనిషి, నోరు కాస్త పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. పొద్దున్నే రాగంబలి తెచ్చి దగ్గర కూర్చుని తాగించేది.

"తాగు ఉషమ్మా, రోంత తాగు. గవ్వకప్ప కూస్తే సూడల్లంటివి కదా, బలం లేకుంటే ఎట్ల సూస్తావు?"

"ఈ ఏడన్నా కూస్తుందా సుంకమ్మా?"

"కూసేదే గానీ రావల్ల కదా వాన, ఆ కొండల మీదన్నా. అది కూసిందంటే మూడు దినాల్లో చెరువు నిండాల్సిందే. మా మామ కాలం నుంచీ అదే లెక్క మాకు. కప్ప కూసిన తెల్లారే పొడిదుక్కిలో శెనక్కాయ ఇత్తనం ఏసేస్తాం. వాన వెనకాలే వస్తాది."

ఓబులేసు ఆ మాట విన్నాడు, విని వదిలేశాడు. అతని ధ్యాసంతా భార్య గ్లాసులో ఎంత అంబలి మిగిలిందన్న దాని మీదే ఉంది.

మే నెల సగానికి వచ్చేసరికి ఆమె అంబలి కూడా మానేసింది. తలగడ పక్కన కెమెరా, టార్చిలైటు ఎప్పుడూ ఉండేవి. ఒక మధ్యాహ్నం వాటి వైపు చూసి, "ఇవి సంచిలో పెట్టెయ్. ఈ ఏడు పని లేదు వీటికి" అంది మామూలుగా. ఏడ్చి ఉంటే ఓబులేసు ఓర్చుకునేవాడేమో. కూర పనికిరాదు పారెయ్ అన్నంత తేలిగ్గా అనేసరికి అతని గుండె పగిలింది. సాయంత్రానికల్లా పట్నానికి వెళ్ళి, అటక ఎక్కి, పెట్టె దించాడు. ఒట్టు గుర్తు రాలేదని కాదు. వచ్చింది, పక్కకు తోసేశాడు.

మర్నాడు పొద్దువాలే వేళకు కొండల మీద నాలుగు పొడి ఉరుములు ఉరిమాయి. అదే అదనుగా ఓబులేసు గదిలోకి వచ్చాడు.

"ఉషా, కొండ అవతల గట్టి వాన పడిందంట. చెరువు పైభాగాన నాలుగు చినుకులు రాలినాయంట. ఏమైనా లేస్తాయేమో పోయి చూద్దామా?"

ఆమె అతని ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత చేతులు చాచింది. ఎత్తుకుంటే ఆమె బరువు సంచీ బరువంత కూడా లేదు. కట్ట కింద కుర్చీ వేసి కూర్చోబెట్టి, దుప్పటి కప్పాడు. కెమెరా ఒళ్ళో పెట్టాడు. ఎప్పటి అలవాటు ప్రకారం కూతలు పట్టే రికార్డరు తీసి కుర్చీ కోడు పక్కన పెట్టాడు. పెట్టె కంపచెట్ల చాటున మధ్యాహ్నమే పాతి ఉంది. నీళ్ళు తెస్తానన్న వంకతో వెళ్ళి మీట నొక్కి వచ్చాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఎండకు కాలిన మట్టి, నెర్రెలు, దూరంగా మేకల గంటలు. పెట్టె చెడిపోయి ఉంటే బాగుండునని ఒక్క క్షణం ఓబులేసుకు అనిపించింది కూడా. అప్పుడు ఆమె చెయ్యి దుప్పట్లోంచి లేచింది.

"అదిగో."

ఎప్పటిలాగే అతనికి మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత ఒక నెర్రె అంచు కదిలింది. పొరలాంటి ఎండుచర్మం చీల్చుకుని, దాన్ని నోట్లోకి లాక్కుని మింగుతూ, బొటనవేలంత కప్ప బయటికొచ్చింది. వాలుతున్న పొద్దు వెలుగులో దాని వీపు తెల్లగా, పసుపుపచ్చ అంచుతో, అచ్చం గవ్వే. అదిగో, అదిగో అంటూ ఆమె వేలు ఒకచోట నిలవడం లేదు. చెరువంతా నెర్రెలు విప్పుకుని గవ్వలు కక్కుతున్నట్టుంది. మొదటి కూత లేచింది. ఖాళీ ఇత్తడి బిందె మీద వేలితో కొట్టిన శబ్దం. దానికి అవతలి గట్టున ఇంకోటి బదులు పలికింది. కాసేపట్లో చెరువు నిండా బిందెల మోతే.

ఒక కప్ప గెంతి ఆమె పాదం మీద కూర్చుంది. ఆమె నవ్వింది. నెలల తర్వాత కడుపు పట్టుకోకుండా నవ్వింది. "గులకరాయి సార్, చూడండి సార్ గులకరాయి!" అని ఎప్పుడో చచ్చిపోయిన ప్రొఫెసరును పిలిచి మరీ చూపించింది. ఓబులేసు ఆమె కుర్చీ పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. చేసింది తప్పని ఆ సమయంలో అతనికి అనిపించలేదు.

మర్నాడు తెల్లవారుతూనే నాగళ్ళ చప్పుడుకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే అవతల చేనులో విత్తనం వేసే గొర్రు కట్టి ఉంది. సుంకమ్మ ఒడినిండా విత్తనం పెట్టుకుని చాళ్ళ వెంట నడుస్తోంది. ఒక్క సుంకమ్మే కాదు, చెరువు చుట్టూ ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది.

"ఇన్నావా సారూ, ఎట్ల కూసినాయో! నా జన్మలో ఇంత కూత ఇనలే" అని అక్కడి నుంచే కేకేసింది. సుంకమ్మ చెప్పిన లెక్క ఓబులేసుకు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలని నోరు తెరిచాడు. చెబితే ఆ మాట కిటికీలోంచి ఉషారాణి చెవిన పడుతుంది. నోరు మూసుకున్నాడు.

వాన రాలేదు. మూడు దినాలూ నిప్పులు కురిశాయి.

నిద్రలో దాచుకున్న నీళ్ళన్నీ కప్పలు ఆ ఒక్క సాయంత్రం కూతలకే ఖర్చుపెట్టుకున్నాయి. తిరిగి మట్టిలోకి పోదామంటే తడి మట్టి అయితేనే వాటి వెనక కాళ్ళకు తవ్వడానికి వీలవుతుంది. ఈ మట్టి రాయి. దాని మీద అవి కాళ్ళతో గీరీ గీరీ, గీరిన చోటే ఉండిపోయాయి. కొన్ని నెర్రెల్లోకి దూరి అక్కడే కమిలిపోయాయి. గుడ్ల నురగ కట్టకింద కాగితంలా ఎండి లేచిపోయింది. ఓబులేసు పట్నం నుంచి ట్యాంకరు పిలిపించి నీళ్ళు పోయించాడు. నెర్రెలు నీళ్ళను గుటుక్కున తాగేశాయి. ఆ కాస్త బురదలోకి కప్పలు చేరితే కొంగలూ కాకులూ వరసకట్టి వాలాయి. గుంటలు తవ్వి, తడిపి, బతికున్న వాటిని చేత్తో పూడ్చాడు. పొద్దున్నే తవ్వి చూస్తే ఒక్కటీ కదలలేదు. గోనెసంచి పట్టుకుని చెరువంతా ఏరాడు. సంచి నిండా గవ్వలు ఉన్నట్టే గలగలమన్నాయి. దాన్ని భుజాన వేసుకోవడానికి అతనికి చేతులు రాలేదు.

ఎండ కొడుతుందని చెప్పి కిటికీ మూసి ఉంచాడు. "మళ్ళీ నేలలోకి పోయినాయి ఉషా, పెద్దవానకు లేస్తాయి" అని చెప్పాడు. ఆమె ఏమీ అడగలేదు.

సుంకమ్మ మాత్రం రోజూ ఆకాశం చూసేది. "ఇంకో రెండు దినాలు సూద్దాం సారూ. కప్పకేం పని, అబద్ధం ఆడేదానికి?" అనేది. వేసిన విత్తనం నేలలోనే వేగిపోయింది. వేగగా మిగిలింది చీమలు ఎత్తుకుపోయాయి. ఒక పొద్దున ఆమె చేనులో కూర్చుని చాలు తవ్వి, ముడుచుకుపోయిన గింజలు అరచేతిలో వేసుకుని చూస్తుంటే ఓబులేసు చూశాడు. చూసి, తల తిప్పుకుని నడిచిపోయాడు. ఆ తర్వాత కూడా ఆమె అంబలి తేవడం మానలేదు. దాన్ని తీసుకోవడమే అతనికి నరకమయింది.

ఎవరూ ఊహించని విషయం ఇంకొకటి జరిగింది. ఉషారాణి చనిపోలేదు. ఆ సాయంత్రం తర్వాత ఆమెకు ఆకలి పుట్టింది. అంబలి తాగింది, మెత్తగా కలిపిన అన్నం తింది, దిండుకు ఆనుకుని కూర్చుంది. చూడ్డానికి వచ్చిన డాక్టరు ఆశ్చర్యపోయాడు. "జూన్ వచ్చింది చూడండి" అని ఆమె ఆయన్ని ఆటపట్టించింది. ఓబులేసుకు సంతోషం వెనకే భయం వచ్చేది, వాన పడ్డాక కప్పలు లేవకపోతే ఆమెకు అంతా తెలిసిపోతుందని. ఆమె బతకాలని మొక్కుకున్న మనిషే వాన రాకూడదని కూడా మొక్కుకున్నాడు. ఇన్నాళ్ళుగా ఆమెతో కలిసి వాన కోసం ఎదురుచూసినవాడు, ఇప్పుడు మబ్బుతునక కనిపిస్తే చాలు హడలిపోసాగాడు.

వాన జూన్ చివర్లో, ఉషారాణి గొంతు మళ్ళీ సన్నగిల్లుతున్న రోజుల్లో, దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ముందు గాలి, తర్వాత కొండల మీద ఉరుము, ఆ తర్వాత పెంకుల మీద చినుకులు. ఊళ్ళో పిల్లలు అరుస్తూ వీధుల్లోకి పరిగెత్తారు.

"కిటికీ తెరువు" అంది ఉషారాణి.

తెరిచాడు. మట్టివాసన గదినిండా గుప్పుమంది. ఆమె కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చింది. చెరువులో వాన దబదబా కురుస్తోంది. ఆ చప్పుడు వెనక ఏదైనా వినిపిస్తుందేమోనని ఇద్దరూ చెవులు రిక్కించారు. వాన తప్ప ఏమీ లేదు. మామూలు బురదకప్ప కూడా లేదు. పెట్టె అన్నిటినీ లేపేసింది.

"ఇంకా లేవలేదే?" అందామె కొంతసేపటికి.

"పై గట్టున ఉన్నాయేమో. చూసి వస్తా."

గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళాడు. చొక్కాలోపల దాచుకుని రికార్డరు, స్పీకరు తీసుకెళ్ళాడు. కంపచెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, వాటి మీద సంచీ కప్పి, ఆ మే నెల సాయంత్రం కూతల్ని పెట్టాడు. శబ్దం బాగా పెంచాడు. ఖాళీ చెరువులో బిందెలు మోగాయి. ఒకటి, ఇంకోటి, ఆ తర్వాత లెక్కలేనన్ని. వానలో ఎంత నిజంగా ఉందంటే ఓబులేసే ఒక్కసారి తల ఎత్తి చుట్టూ చూశాడు. దూరంగా కిటికీలో దీపం వెలుగుతోంది. వింటోంది, సంతోషపడుతోంది, అనుకున్నాడు.

"అదిగో" అంది స్పీకరు.

అది ఉషారాణి గొంతు. ఆ సాయంత్రం రికార్డరును ఓబులేసే ఆమె కుర్చీ పక్కన పెట్టాడు. ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. "అదిగో. అదిగో ఓబులేసూ." వాన మీదుగా, చెరువు మీదుగా ఆమె గొంతు కిటికీ దాకా పోయింది. దాని వెనకే ఆమె నవ్వు. "గులకరాయి సార్, చూడండి సార్ గులకరాయి!"

ఆపాలని కూడా తోచలేదు. అన్నీ అక్కడే వదిలేసి బురదలో పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు. గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డాడు. ఆమె దిండుకు ఆనుకుని కిటికీ వైపే చూస్తోంది.

"అప్పుడు నాకు ఇంకా గొంతు ఉండింది" అంది.

"ఉషా, నేను..."

"నాకు ఆ సాయంత్రమే తెలుసు. మట్టివాసన రాలేదు. చినుకు పడితే వాసన రాకుండా ఉంటుందా?" మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావు. చెబితే ఆపమని నేను అనల్ల. నాకు ఆపమనాలనిపించలేదు ఓబులేసూ. చూడాలనిపించింది. వాటికి ఏమవుతుందో నీకన్నా నాకే బాగా తెలుసు."

అతను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆమె చెయ్యి అతని తడి తల మీద పడింది. ఓదార్పు కోసమో, పట్టు కోసమో అతనికి తెలియలేదు. బయట చెరువులో స్పీకరు ఇంకా కూస్తూనే ఉంది. అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ మొదటి బిందె, మళ్ళీ అవతలి గట్టు బదులు.

"పోయి దాన్ని ఆపెయ్" అంది ఆమె.

అతను తల ఎత్తాడు.

"యాడన్నా ఒక్కటి మిగిలుండి పిలుస్తా ఉంటే, ఆ గోలలో మనకు వినపడదు."

ఓబులేసు లేచి వెళ్ళాడు. చీకట్లో తడుముకుని స్పీకరు ఆపేశాడు. తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అవతలి చేనులో సుంకమ్మ వానలో తడుస్తూ నిలబడి ఎవరినో పిలిచి, ఆ ఏడు మళ్ళీ విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడుగుతోంది. తర్వాత ఆమె కూడా ఇంట్లోకి వెళ్ళిపోయింది. చెరువులో నీళ్ళు నెర్రెలు పూడ్చుకుంటూ, కట్ట వైపు మెల్లగా ఎక్కుతున్నాయి. వాళ్ళిద్దరూ కిటికీ తెరిచే ఉంచి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటూ, వానను వింటూ కూర్చున్నారు.